ఉగాదినాటి పుట్టింటి మర్యాద

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వైపునుండి తిరుమలకు బయలుదేరిన యాత్రికులకు త్రోవలో దర్శనీయమగునది దేవుని కడప. కొండకు ఇది గడప యని పెద్దల మాట. ఇచటి శ్రీలక్ష్మీ వేంకటేశ్వరుని అన్నమాచార్యులు కడపరాయడని కీర్తించిరి.

ఈ సన్నిధికి ఉగాదినాడు ముస్లిం కుటుంబములు వేకువనుండియే వచ్చును. కొబ్బరికాయ, బెల్లము, చింతపండు వంటివి సమర్పించి, హారతి కన్నుల కద్దుకొని, తీర్థము పుచ్చుకొని వెళ్ళుదురు. స్వామిని వరించిన బీబీ నాంచారమ్మ వారి ఇంటి ఆడపడుచట. కావున స్వామి వారికి అల్లుడు. పండుగపూట అల్లుని వద్దకు వట్టి చేతులతో పోవుట ఏ ఇంటి మర్యాద?

నాంచారమ్మ కథ పలు తీరులుగా నున్నది. మేల్కోట గాథలో ఆమె రామానుజులు తెచ్చిన మూర్తిని వెంబడించి వచ్చిన ఢిల్లీ సుల్తాను కుమార్తె. శ్రీరంగమున తులుక్క నాచ్చియారను పేర ఆమెకు సన్నిధి గలదు. అచట రొట్టెల నివేదన ఆచారము. సంప్రదాయము ననుసరించి రామానుజులు పరమపదించినది 1137లో. ఢిల్లీ సుల్తానుల ఏలుబడి మొదలైనది 1206లో. లెక్క కుదరదు. కడపవారికి ఆ లెక్కతో పనిలేదు. ఈ చుట్టరికమునకు దస్తావేజు లేదు. ఏటేటా చేతబట్టి తెచ్చు బెల్లపుముక్కయే సాక్ష్యము. ఒక తరము మానుకొన్నచో మరుతరమునకు నాంచారమ్మ వట్టి కథలోని స్త్రీ యగును. అందుకే కాబోలు, ఆనాడు వారు కుటుంబ సమేతముగా వత్తురు.