జలవిహారం – నియమపాలన

నీరు మానవునికి ప్రాణాధారం. ఆ నీటిపై తేలియాడుట అనాదిగా అతనికి ఆనందదాయకం కూడా. తెప్ప, పుట్టి, దోనె, నావ, ఓడ అని తెలుగులోనూ, కిష్తీ, సఫీనా, జహాజ్ అని ఉర్దూలోనూ ఉన్న పదసంపదయే ఈ అనుబంధం ఎంత ప్రాచీనమైనదో తెలుపుతున్నది. అయితే ఆదరించిన నీరే ఆదమరచిన వేళ అపాయమును కూడ తెచ్చిపెట్టును. సెలవు దినాలలో మన విద్యార్థులు జట్లుజట్లుగా జలాశయాలకు వెళ్ళుట నానాటికి పెరుగుతున్నది. కనుక పడవ విహారానికి ఏయే అనుమతులు కావలెను, ఏ నియమాలు వర్తించును, ఆ నియమాల వెనుకనున్న కారణాలేమి అను విషయాలను ఈ వ్యాసంలో సంగ్రహంగా పరిశీలింతము.

మన ప్రాంతపు జలాశయాలు

నిజాం రాజ్యానికి ప్రధానమంత్రిగా పనిచేసిన పైగా వంశీయుడు వికారుల్ ఉమ్రా పేరిట వెలసినది వికారాబాదు. ఇచ్చటి అనంతగిరి కొండలలో పుట్టిన మూసీ తూర్పుముఖంగా సాగి హైదరాబాదు మీదుగా కృష్ణలో కలియుచున్నది. తాండూరు సమీపాన పారే కాగ్నా నది పడమరకు సాగి భీమానదిని చేరి, ఆ భీమతో కూడి తానును కృష్ణనే చేరుచున్నది. ఈ రెండు దారుల నడుమ కోట్‌పల్లి, సర్పన్‌పల్లి, లఖ్నాపూర్, జుంటుపల్లి వంటి జలాశయాలు కలవు. వీనిలో 1967లో నిర్మితమైన కోట్‌పల్లి జలాశయం మిక్కిలి ప్రసిద్ధమైనది. గత దశాబ్దంలో స్థానిక యువకులు అచ్చట తెడ్డుపడవల విహారమును ప్రారంభింపగా నగరవాసుల రాకపోకలు హెచ్చినవి.

ఇచ్చట ఒక విషయం గమనింపదగినది. ఈ జలాశయాలు విహారం కొరకు కట్టినవి కావు, పొలాలకు నీరిచ్చుటకు కట్టినవి. నగరోద్యానంలోని సరస్సుకు మెట్లు, కంచె, దీపాలు, కావలివారు ఉండవచ్చును. సాగునీటి జలాశయానికి ఉండునవి కట్ట, తూము, అలుగు మాత్రమే. శిఖం భూముల వైపు మోకాటిలోతున్న నీరు కట్ట వైపు నిలువులోతును మించిపోవును. తూము తెరచినపుడు పైకి ప్రశాంతంగా కన్పించే నీరు లోలోపల లాగుచుండును. 2023 జనవరిలో కోట్‌పల్లి జలాశయంలో స్నానానికి దిగిన ఒకే కుటుంబీకులు నలుగురు మునిగి మరణించిరి. 2025 మే నెలలో సర్పన్‌పల్లి జలాశయంలో విహారపు పడవ తిరగబడి ఇద్దరు మహిళలు ప్రాణాలు కోల్పోయిరి. ఈ రెండును మన ఇంటి ముంగిట జరిగినవే.

అనుమతులు మూడు విధాలు

రహదారిపై బస్సు నడుపుటకు ఆ మార్గంలో నడుపు పర్మిట్టు, వాహనానికి సామర్థ్యపత్రం, డ్రైవరుకు లైసెన్సు అను మూడు వేర్వేరుగా ఉండవలెనని మనకందరకు తెలిసినదే. నీటి మీద కూడ ఇదే న్యాయం.

మొదటిది నీటికి సంబంధించిన అనుమతి. సాగునీటి జలాశయం ప్రభుత్వానిది. ఒడ్డున స్థలమున్నంత మాత్రాన ఆ నీటిపై పడవలు నడుపు హక్కు ఎవ్వరికిని లభింపదు. జలాశయమును చూచుకొను నీటిపారుదల శాఖ సమ్మతి ముఖ్యం.

రెండవది పడవకు సంబంధించినది. 1917 నాటి పాత చట్టం స్థానంలో 2021లో పార్లమెంటు కొత్తగా అంతర్గత నౌకల చట్టమును చేసినది. ఇది 2022లో అమలులోకి వచ్చినది. దీని ప్రకారం నదులు, కాలువలు, సరస్సులలో తిరిగే యంత్రపు పడవలను అధికారులు పరీక్షించి సర్టిఫికెట్టు ఇయ్యవలెను, రిజిస్టరు చేయవలెను. బీమా కూడ ఉండవలెను. యంత్రం లేని పడవలను స్థానిక సంస్థల స్థాయిలో నమోదు చేయు ఏర్పాటును ఈ చట్టంలో పొందుపరచిరి.

మూడవది నడుపువానికి సంబంధించినది. యంత్రపు పడవ నడుపువానికి తగిన అర్హతాపత్రం ఉండవలెను. చేపలు పట్టుకొను బెస్తసోదరులకు నీటిని గూర్చిన జ్ఞానం అపారమైనదే. కాని వలవేయుటకు కట్టిన తెప్ప వేరు, పదిమందిని కిరాయికి ఎక్కించుకొను పడవ వేరు. వారి నేర్పును కిరాయి పడవలకు కాక, గజఈతగాళ్ళుగా, రక్షకులుగా నియమించి వినియోగించుకొనుట అందరకు మేలు. వారికి జీతమును, విహారులకు రక్షణయును రెండును సమకూరును.

ఈ మూడింటిలో ఒకటి ఉన్నంత మాత్రాన తక్కిన రెండును ఉన్నట్లు కాదు. బరువు మించిన లేక భద్రత లేని పడవలో కిరాయికి జనమును ఎక్కించుట 1860 నాటి శిక్షాస్మృతిలోనే 282వ విభాగం క్రింద నేరం. 2024 జులై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహితలో ఇది 284వ విభాగమైనది. ఇక జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2017లోనే పడవల భద్రతపై ప్రత్యేక మార్గదర్శకాలను వెలువరించినది. చట్టాలు లేవను మాట నిజం కాదు. అవి కట్ట మీదికి వచ్చుట లేదన్నదే విచారకరమైన నిజం.

బరువు లెక్క

"ఇంకొక్కరే కదా, ఎక్కనిద్దాం" అనుట మనవారికి అలవాటు. ఆ ఒక్కరి ఫలితమును లెక్కగట్టి చూతము. నీటిమట్టం వద్ద పడవ వైశాల్యం 6 చదరపు మీటర్లనుకొందము. అది ఒక సెంటీమీటరు దిగుటకు 60 లీటర్ల నీటిని, అనగా 60 కిలోల బరువైన నీటిని తొలగింపవలెను. కాబట్టి సుమారు 60 కిలోల మనిషి ఎక్కిన ప్రతిసారి పడవ ఒక సెంటీమీటరు దిగును. నిర్ణీత భారంతో ఉన్నపుడు నీటిపైన మిగిలిన అంచు 25 సెంటీమీటర్లైనచో, పదిమంది అదనంగా ఎక్కగా 15 సెంటీమీటర్లు మాత్రమే మిగులును.

పదియే కదా తగ్గినది అని అనిపించవచ్చును. కాని పడవ సగం వెడల్పు 70 సెంటీమీటర్లైనచో, మొదటి స్థితిలో పడవ ఒక ప్రక్కకు సుమారు 20 డిగ్రీలు ఒరిగిన గాని అంచు నీటిని తాకదు. రెండవ స్థితిలో 12 డిగ్రీలకే తాకును. ఫోటో కొరకు నలుగురు లేచి ఒక ప్రక్కకు చేరిన చాలును. పైగా నిలుచున్నవారి వలన గరిమనాభి పైకి జరిగి పడవ నిలకడ మరింత తగ్గును. ఒకసారి అంచు మీదుగా నీరు లోనికి వచ్చినచో, ఆ నీరే ఒరిగిన ప్రక్కకు పరుగెత్తి పడవను బోర్లవేయును. బ్రిటనులో సామ్యూల్ ప్లిమ్సాల్ అను పార్లమెంటు సభ్యుడు పట్టుబట్టి పోరాడగా, 1876లో ఓడల ప్రక్కన భారరేఖ గీయవలెనని శాసనమైనది. మన చిన్న పడవ మీద వ్రాసిన "ఇంతమంది మాత్రమే" అను అంకె ఉద్దేశం కూడ ఇట్టిదే.

రక్షణ కవచం సంగతి కూడ ఇట్టిదే. మనిషి దేహసాంద్రత నీటి సాంద్రతకు చాల దగ్గర. ముక్కు, నోరు నీటిపైన నిలుచుటకు కొద్దిపాటి ఆధారం చాలును. 100 న్యూటన్ల తేలుశక్తి గల కవచం సుమారు 10 కిలోల భారమును మోయును. అదియే ప్రాణమును నిలుపును. అయితే కవచం పడవ మూలన కుప్పగా ఉన్నచో నిష్ప్రయోజనం. ఒడ్డుననే తొడిగి, పట్టీలు బిగించి, పిల్లలకు పిల్లల కొలతది ఇచ్చి ఎక్కింపవలెను.

గతానుభవాలు నేర్పిన పాఠాలు

2017 నవంబరు 12న విజయవాడ సమీపాన పవిత్ర సంగమం వద్ద కృష్ణలో అనుమతి లేని పడవ బోల్తాపడి ఇరువది మందికి పైగా మరణించిరి. 2019 సెప్టెంబరు 15న గోదావరి వరద మీద ఉండగా బయలుదేరిన విహారనౌక కచ్చులూరు వద్ద మునిగి నలువది మందికి పైగా అసువులు బాసిరి. వారిలో మన తెలంగాణ వారు అనేకులు. మొదటిదానిలో అనుమతి లేదు. రెండవదానిలో సమయం అనుకూలం కాదు.

మూడవది విద్యాసంస్థలు ప్రత్యేకంగా తెలుసుకొనవలసినది. 2024 జనవరి 18న వడోదర నగరంలోని హరణి సరస్సులో పాఠశాల విహారయాత్రకు వచ్చిన పిల్లల పడవ తిరగబడినది. పన్నెండుగురు విద్యార్థులు, ఇద్దరు ఉపాధ్యాయినులు మరణించిరి. అది కొండకోనలలోని నది కాదు, నగరం నడుమనున్న విహార సరస్సు. సరస్సు నగరపాలక సంస్థది, నిర్వహణ గుత్తేదారుది. అయినను సామర్థ్యమును మించి ఎక్కించిరి, అందరకు కవచాలు ఇయ్యలేదు. గుజరాత్ హైకోర్టు తనంతట తానే ఈ విషయమును విచారణకు స్వీకరించినది. అనుమతి ఉండుట వేరు, దాని షరతులు పాటింపబడుట వేరని ఈ ఘోరం మనకు తెలుపుచున్నది.

హైదరాబాదు హుస్సేన్ సాగర్‌లో 1990 మార్చి 10న బుద్ధవిగ్రహమును తీసికొనిపోవు బల్లకట్టు మునిగి పలువురు మరణించిరి. ఆ విగ్రహం 1992 డిసెంబరు 1న గాని పీఠమెక్కలేదు. ఎంత పెద్ద ఏర్పాటైనను బరువు, నిలకడల నియమాలకు అతీతం కాదు.

నియమం ఎవరి కొరకు?

నా ప్రాణం నా ఇష్టం అని కొందరు యువకులు వాదింతురు. ప్రవక్త మహమ్మదు (స) వారు చెప్పిన ఓడ ఉపమానం ఇచ్చట స్మరణీయం. క్రింది అంతస్తువారు తమ నీటి సౌకర్యం కొరకు తమ భాగంలో రంధ్రం చేయబోవుదురు. పైవారు వారింపనిచో అందరు మునుగుదురు, వారించినచో అందరు బ్రతుకుదురు. ఒక్కడు నిలబడి ఊపిన పడవలో మునుగునది ఒక్కడే కాదు. "ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, ఏరు దాటాక బోడి మల్లన్న" అను మన సామెత కూడ అధికారుల తనిఖీ ఉన్నంతసేపే నియమమును పాటించు మన స్వభావానికి అద్దం పట్టుచున్నది.

కళాశాలకు మా మనవి

విహారయాత్రలను మాన్పింపవలెనని మా అభిప్రాయం కాదు. ప్రకృతి దర్శనం విద్యలో భాగమే. అయితే కళాశాల కార్యవర్గం ఈ క్రింది నిబంధనలను ఆమోదింపవలెనని కోరుచున్నాము.

1. పడవ ఎక్కుటకు ముందే అనుమతిపత్రం, పడవ సర్టిఫికెట్టు, నడుపువాని అర్హతాపత్రం ప్రతులను అధ్యాపకులు చూడవలెను. అవి లేనిచో విహారం ఒడ్డుననే.

2. అధ్యాపకులతో సహా ప్రతివారు కవచం ధరింపవలెను. వ్రాసిన సంఖ్యకు మించి ఒక్కరును ఎక్కరాదు.

3. పేర్ల జాబితా ఒకటి ఒడ్డున ఉన్న అధ్యాపకుని వద్ద ఉండవలెను.

4. వాన, ఈదురుగాలి, సంధ్యాసమయాలలో పడవ వద్దు. తూము, అలుగుల దాపున స్నానం అసలే వద్దు.

5. ఎవరైన మునుగుచున్నచో ఈతరానివారు దుముకరాదు. తాడో, కర్రయో, తువాలో అందించి కేకలు వేయవలెను. 108 లేక 112కు ఫోను చేయవలెను.

6. బాలురకు, తగిన ఏర్పాట్లతో బాలికలకును, ఈత, ప్రథమ చికిత్స నేర్పింపవలెను.

మరియొక పని మన విద్యార్థులే చేయదగినది. ఆదివారం కోట్‌పల్లికి వచ్చువారిలో తెలుగు చదువువారు, ఉర్దూ చదువువారు ఇరువురును ఉందురు. లోతు ఎచ్చట, తూము ఎచ్చట, ఎందరు ఎక్కవచ్చును అను సంగతులను రెండు భాషలలోను పెద్ద అక్షరాలతో వ్రాసిన పలకలను, నీటిపారుదల శాఖ అనుమతితో, మన జాతీయ సేవా పథకం విద్యార్థులు అచ్చట నిలుపవచ్చును. రెండు భాషలను బోధించు కళాశాలగా ఇది మనకు సహజమైన సేవ. రాబోవు వేసవి శిబిరంలో దీనిని చేపట్టుటకు కార్యవర్గం, విద్యార్థులు ముందుకు వత్తురని ఆశించుచున్నాము.