మామిడిపిందెల హారం, గుప్పెడు కుంకుడుకాయలు

చెల్లీ, ఆవకాయ పెట్టడం అయిందా? మా నూజివీడు వైపు ఈ రోజుల్లో ఇదే పలకరింపు. నిన్న మా ఇంట్లో నలభై కాయలు కొట్టాం. సాయంత్రం చూసుకుంటే గాజుల నగిషీలో ఆవపిండి, ఉంగరం చుట్టూ కారం నూనె, పుస్తెలతాడు మెలికల్లో పసుపు. ముచ్చిక దగ్గర కారిన సొన గాజుకంటుకుని నల్లగా బిగుసుకుపోయింది. పెళ్లిళ్లూ ఈ ఎండల్లోనే కదా, ఇప్పటికిప్పుడు నగలు తళతళలాడాలనిపిస్తుంది. ఆ తొందరలోనే నేనొకసారి చేయరాని పని చేశాను.

పెళ్లయిన కొత్తలో మా అత్తగారు తన మామిడిపిందెల హారం నా మెళ్లో వేశారు. పిందె పిందెకీ కెంపులు, అంచున సన్నటి ముత్యాలు. చింతపండుతో ఇత్తడి చెంబు మెరుస్తుంటే హారం మెరవదా అనుకున్నాను. సలసలా కాగే నీళ్లలో చింతపండు పిసికి, అందులో వేసి రాత్రంతా వదిలేశాను. పొద్దున తీస్తే గిన్నె అడుగున రెండు కెంపులు. ముత్యాల నిగ్గు పోయి సుద్దపూసల్లా ఉన్నాయి. అత్తగారు ఒక్క మాట అనలేదు. హారం వెనక్కి తిప్పి చూపించారు. “ఇందులో ఉన్నది బంగారం ఒక్కటే కాదమ్మా. లోపల లక్క ఉంది, రాళ్ల వెనక రేకు ఉంది.” కంసాలి ఆచారి గారు మళ్లీ లక్క నింపి కెంపులు పొదిగారు. ముత్యాలు మాత్రం కొత్తవి వేయాల్సొచ్చింది. పాతవి అత్తగారి పుట్టింటివి. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు గొంతు పట్టేస్తుంది.

లక్క వేడికి మెత్తబడుతుంది. రాయి వెనక రేకుకి తడి తగిలితే నల్లబడి, రాయి వెలుగే పోతుంది. ముత్యమూ పగడమూ కాల్షియం కార్బొనేట్, సుద్దముక్కకి చుట్టాలే. చింతపండు, నిమ్మకాయ, వెనిగర్ ఏ పులుపైనా వాటిని తినేస్తుంది. పచ్చల్లో సన్నటి పగుళ్లు కనబడకుండా నూనె పట్టిస్తారు, వేడినీళ్లకి అది కాస్తా పోతుంది. అందుకే ఇలాంటి నగల్ని నానబెట్టకు. మెత్తటి పాత నూలుచీర ముక్క కొంచెం తడిపి, గట్టిగా పిండి తుడిచెయ్, చాలు.

రాళ్లు లేని గాజులకీ గొలుసులకీ మన కుంకుడుకాయని మించింది నాకు కనబడలేదు. 916 ముద్ర ఉన్న నగలో నూటికి 91.6 పాళ్లు బంగారమే. బంగారం తుప్పు పట్టదు. దాన్ని మసకబరిచేది మన చెమట, సబ్బు, నూనె, పసుపు. అవి వదలడానికి నురగ చాలు, ఆమ్లాలెందుకు? నాలుగు కాయలు కొట్టి, గింజ తీసి, గోరువెచ్చటి నీళ్లలో గంటసేపు నానబెట్టు. పిసికి వడకట్టు. సొన ఉంటే ముందు రెండు చుక్కల కొబ్బరినూనె రాసి వేలితో రుద్దు. తర్వాత నగని ఆ నురగలో పావుగంట ఉంచి, చంటిపిల్లల మెత్తటి బ్రష్‌తో మెలికల్లో నెమ్మదిగా తోము. తూము దగ్గర కడగొద్దు తల్లీ, గిన్నెలోనే కడుగు. నీళ్లు పారబోసే ముందు అడుగున చేత్తో తడిమి చూడు. పేస్టు, ముగ్గుపిండి వద్దు, గీతలు పడతాయి. బ్లీచింగ్ నీళ్ల దగ్గరికైతే అసలే పోనివ్వకు.

మన బందరు చిలకలపూడి నగలున్నాయే, వాటి మీద బంగారం పల్చటి పూతే. తోమిన కొద్దీ కింద రాగి బయటపడుతుంది. వేసుకుని తీసినప్పుడల్లా పొడిగుడ్డతో తుడిచి పెట్టుకుంటే ఏళ్లొస్తాయి.

ఇంకొకటుంది, ఇది మరీ గట్టిగా చెబుతున్నా. మధ్యాహ్నం మగవాళ్లు తోటలకెళ్లాక “నగలకి మెరుగు పెడతామమ్మా” అంటూ వీధిలోకొస్తారు. ముందు ఇత్తడి చెంబు తోమి మెరిపిస్తారు, మనకి నమ్మకం కుదురుతుంది. తర్వాత గొలుసు తీసుకుని ద్రవరాజంలో ముంచుతారు. హైడ్రోక్లోరిక్ ఆమ్లం మూడు పాళ్లు, నైట్రిక్ ఆమ్లం ఒక పాలు కలిపిన ఆ ద్రావణానికి బంగారం కరుగుతుంది. గొలుసు మెరుస్తూ మన చేతికొస్తుంది, కరిగిన బంగారం వాళ్ల గిన్నెలో ఉండిపోతుంది. మా వీధిలో ఒకావిడ అలాగే మోసపోయింది. సిగ్గుపడి నెలరోజులు ఇంట్లో కూడా చెప్పుకోలేదు. సిగ్గు ఆవిడకెందుకమ్మా, దొంగకి కదా! మెరుగు పెట్టించాల్సిందే అయితే తెలిసిన కొట్టుకెళ్లు. ఇచ్చేముందోసారి, తీసుకునేటప్పుడోసారి నీ కళ్లెదుటే తూకం వేయించు. వాళ్లేమీ అనుకోరు.

కడిగిన గాజులు నీడలో ఫ్యాన్ కింద పూర్తిగా ఆరనిచ్చి, అప్పుడు పెట్టెలో పెట్టు. ముత్యాలు విడిగా, మెత్తటి గుడ్డలో చుట్టి. మూడోరోజు ఆవకాయ తిరగకలిపేటప్పుడు మాత్రం గాజులూ ఉంగరమూ ముందే తీసి దేవుడి గూట్లో పెట్టెయ్యి.