గాజుపాత్రలోని నోరు

ఎలమంచిలి ప్రాంతమున చెఱకు గానుగలాడు దినములలో పొలము దారిని పోవువారికి బెల్లపు పాకము వాసన సోకకుండ నుండదు. పెనము దగ్గరకు చేరిన పిల్లల చేతిలో వేడి బెల్లపు ముక్క నొకదానిని పెట్టుట రైతులకు వాడుక. ఆ ముక్కను నోట వేసికొన్న బాలునికి తీపి మాత్రమే తెలియును. ఆ తీపికై తన పలువరుసమీద కాచుకొని యున్నవారి సంగతి అతడెఱుగడు.

ఉదయమున నిద్ర లేవగానే దంతములపై జిగటగా తగులు పొరను మనము పాచి యందుము. అది కేవలము మురికి కాదు. జనసమ్మర్దముగల యొక పట్టణము. మానవుల నోళ్లలో ఇంతవఱకు గుర్తింపబడిన బాక్టీరియా జాతులు సుమారు 700. ఈ పట్టణమును మొదట చూచినవాడు హాలెండు దేశమున డెల్ఫ్ట్ నగరమందలి బట్టల వర్తకుడు లీవెన్‌హుక్. ఆయన తన పండ్ల సందులనుండి గీచి తీసిన తెల్లని పదార్థమును తాను చేసికొన్న కటకముతో పరిశీలించి, అందు చిన్న ప్రాణులు చురుకుగా కదలుచున్నవని 1683వ సంవత్సరమున లండనులోని రాయల్ సొసైటీకి జాబు వ్రాసెను.

అవి దంతములకు చేయు కీడేమో తెలియుటకు మఱి రెండు వందల యేండ్లు పట్టెను. బెర్లిను నగరమున పనిచేసిన అమెరికా దేశపు దంతవైద్యుడు మిల్లర్, ఊడదీసిన దంతములను లాలాజలముతోను రొట్టెతోను కలిపి, శరీరపు వేడిమియందుంచెను. క్రమముగా దంతము పైభాగము సున్నము కోల్పోయెను. రొట్టెకు మారుగా మాంసము వేసినప్పుడట్లు జరుగలేదు. బాక్టీరియా పిండిని, చక్కెరను ఆరగించి ఆమ్లమును విడుచుననియు, ఆ ఆమ్లమే దంతమును చెఱచుననియు ఆయన 1890లో గ్రంథముగా ప్రకటించెను. చూచితిరా! మిల్లరు పాత్ర నోటికొక నమూనా. ఎలమంచిలి చెంతనున్న ఏటికొప్పాకలో అంకుడు కఱ్ఱతో చేసి లక్క పూసిన బొమ్మబండి పొలమునకు పోదు. అయినను చక్రము ఇరుసుపై ఎట్లు తిరుగునో దానివలన తెలియును.

నమూనా యేల, మనుష్యుల నోళ్లనే పరీక్షింపరాదా యని మీరడుగవచ్చును. అట్లు చేసిన సందర్భమొకటి కలదు. స్వీడను దేశమున లుండ్ నగరమందలి విపెహోల్మ్ ఆసుపత్రిలో బుద్ధిమాంద్యముగల రోగులుండిరి. 1940 నాటి దశకమున పరిశోధకులు వారిలో కొందఱకు భోజనములకు నడుమ, దంతముల కంటుకొనునట్టి మిఠాయిలను పెట్టిరి. ఒక వర్గమువారికి దినమునకు 24 వఱకు పెట్టిరి. వారి సమ్మతిని ఎవరును అడుగలేదు. పలువురి దంతములు పుచ్చిపోయినవి. 1954లో ప్రకటింపబడిన ఫలితము సత్యమే: ఎంత చక్కెర తింటిమనుదానికన్న, ఎన్నిసార్లు తింటిమి, అది ఎంతసేపంటియుండెను అనునదే ముఖ్యము. నేటికిని దంతవైద్యులు చెప్పు హితవునకు అదియొక ఆధారము. కాని దానికి వెల చెల్లించినవారు తమ బాధను చెప్పుకొనజాలనివారు. ఆ హితవు విన్నప్పుడెల్ల నాకు ఆ రోగులు జ్ఞాపకము వత్తురు.

కావుననే నేటి పరిశోధక విద్యార్థులు గాజునోటిని నిర్మింతురు. 37 డిగ్రీల వేడిమిగల పాత్రలో దంతఖనిజముతో చేసిన చిన్న బిళ్లలనుంచి, వానిపై కృత్రిమ లాలాజలమును బొట్టు బొట్టుగా కార్చి, బాక్టీరియాను పెంచి, నియమిత వేళలకు చక్కెర నిత్తురు. మఱికొందఱు పాత్రకూడ లేకుండ లెక్కతోనే నోటిని కట్టుదురు. ఇట్టి లెక్కల పునాదులలో ఒకటి, ఫ్రాన్సు దేశపు జాక్ మోనో డాక్టరేటు పట్టముకొఱకు వ్రాసి 1942లో ప్రకటించిన గ్రంథము. ఆహారము హెచ్చినకొలది బాక్టీరియా వేగముగా పెరుగును గాని, ఒక హద్దు దాటిన పిదప ఎంత పెట్టినను ఆ వేగము హెచ్చదు.

అట్టి లెక్క నొకదానిని మనము పలకమీదనే వేయవచ్చును. ఒకసారి బెల్లము తిన్నచో దంతమును కరగించునంతటి ఆమ్లము పాచిలో 30 నిమిషములుండుననుకొందము. ఒక బాలుడు ఆఱు ముక్కలను ఒక్కమాఱే తినెను. వాని దంతములకు అరగంట కష్టము. వాని చెల్లెలు అన్ని ముక్కలనే గంటకొకటి చొప్పున తినెను. ఆమెకు మూడు గంటలు. బెల్లము సమానమే, కష్టకాలము ఆఱు రెట్లు. ఇదియు నమూనాయే, దీనిలో తప్పులును ఉన్నవి. ఆఱు ముక్కలు ఒక్కసారి తిన్నవాని నోట తీపి మఱికొంతసేపు నిలువదా? ఒకరికి లాలాజలము ధారాళముగా ఊరి ఆమ్లమును త్వరగా కడిగివేయును. మఱియొకరికి అంత ఊరదు. నిద్రలో అందఱికిని తగ్గును. ఈ సంగతులను ఒక్కొక్కటిగా లెక్కలో చేర్చి, ఫలితమును గాజుపాత్రలోని బిళ్లతో సరిచూచి, సరిపడనిచో లెక్కను మరల దిద్దుటయే ఈ పరిశోధనలో పెద్ద పని. దానికి ఏండ్లు పట్టును. ఆ 700 జాతులలో ప్రయోగశాలయందు పెరుగుటకు ఒప్పుకొననివి కొన్ని కలవు. వానికి గాజునోటిలో ఇంకను చోటు దొరకలేదు.