ఎనిమిది తీగల వరుస

నిజామాబాద్ ఆఫీసుల్లోనూ, బోధన్ దిక్కు మా ఊళ్ల ఇండ్లలోనూ నెట్ కేబుల్ కొసన కనిపించే ప్లాస్టిక్ ముక్కే ఆర్‌జె-45 కనెక్టర్. దీనికి 8 పిన్నులు. కేబుల్లో 4 జతల రాగి తీగలు.

"రెండు కొసల్లో ఒకే వరుస ఉంటే చాలదా?" అని మిత్రులు నన్ను అడుగుతుంటారు. చాలదు. మా ఇంట్లో మోకు పేనినట్లే ఇందులో ప్రతి జతనూ మెలివేస్తారు. అందువల్ల బయటి విద్యుత్ అలజడి జతలోని రెండు తీగల మీదా ఇంచుమించు సమానంగా పడుతుంది. అవతలి యంత్రం రెండింటి తేడానే గ్రహిస్తుంది కనుక ఆ అలజడి లెక్కలోకి రాదు.

పిన్నుల జతలు 1-2, 3-6, 4-5, 7-8. మనకు తోచినట్లు జత పక్కన జత గుచ్చితే 3, 6లలో వేర్వేరు జతల తీగలు పడతాయి. టెస్టర్ దీపాలన్నీ వెలుగుతాయి గానీ నెట్ నత్తనడక నడుస్తుంది!

కాబట్టి మీట కిందికి, కేబుల్ మన వైపు ఉంచి, ఎడమ నుండి ఇట్లా గుచ్చాలి: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. దీన్నే టి-568-బి అంటారు. మెలి 13 మిల్లీమీటర్లకు మించి విప్పరాదు. మొత్తం తీగ 100 మీటర్లు దాటరాదు.

చెరకు పని విడిచి, పట్టా నకలుకై బస్సెక్కి వచ్చిన రైతును "నెట్ లేదు, రేపు రా" అని తిప్పి పంపేముందు ఈ కొసను ఒకసారి చూడాలని నా మనవి.