కాలదోషం అంటే ఏమిటి?

పిల్లలూ! పాతబడి పనికిరాకుండా పోయిన పద్ధతిని ‘కాలదోషం పట్టింది’ అంటాం. కోర్టులో ఈ మాటకు కచ్చితమైన అర్థం ఉంది. దావా వేయడానికి చట్టం ఇచ్చిన గడువు దాటిపోవడమే కాలదోషం.

మన దేశంలో ఈ గడువులను 1963 నాటి కాలపరిమితి చట్టం చెబుతుంది. అప్పు రాబట్టుకోవడానికి 3 ఏళ్లు, ఇతరులు ఆక్రమించిన మన స్థలం కోసం 12 ఏళ్లు గడువు ఉంటుంది. అది దాటితే, ఎదుటివారు అభ్యంతరం చెప్పకపోయినా కోర్టు దావాను కొట్టివేయాలి.

ఒక లెక్క చూద్దాం. రాము సోముకు 2022 జూన్ 10న అప్పిచ్చి, అడగగానే తీర్చాలని ప్రామిసరీ నోటు రాయించుకున్నాడు. దావాకు చివరి రోజు 2025 జూన్ 10. అయితే సోము 2024 మార్చి 5న కొంత సొమ్ము కట్టి, నోటు వెనుక చెల్లు రాసి సంతకం చేశాడు. అప్పుడు ఆ రోజు నుంచి మళ్లీ 3 ఏళ్లు మొదలవుతాయి. పెద్దలు ‘చెల్లు వేయించుకో’ అనేది ఇందుకే.

ఇంత పట్టుదల ఎందుకు? ఏళ్లు గడిస్తే సాక్షులు మరచిపోతారు, కాగితాలు పోతాయి. అప్పుడు నిజం తేల్చడం కష్టం. కానీ గడువు దాటినంత మాత్రాన అప్పు తీరిపోయినట్టు కాదు. కోర్టు దారి మూసుకుంటుంది. బాకీ ఉన్నవారి మనస్సాక్షి మిగులుతుంది.

నేరాల విషయం వేరు. జరిమానా మాత్రమే పడే నేరానికి 6 నెలలు, ఏడాది వరకు జైలుశిక్ష పడే నేరానికి ఏడాది, ఆపై 3 ఏళ్ల వరకు శిక్ష పడే నేరానికి 3 ఏళ్లలోగా కోర్టు విచారణకు స్వీకరించాలి. హత్య వంటి ఘోర నేరాలకు ఈ గడువు లేదు.

మైనర్లపై చట్టానికి దయ ఉంది. హక్కు కలిగేనాటికి మనకు 18 ఏళ్లు నిండకపోతే, నిండాకే గడువు లెక్క మొదలవుతుంది. బదిలీకి మాత్రం ఆ దయ లేదు. మనం ఊరు మారినా, రాష్ట్రం మారినా గడువు ఆగదు. అందుకే సామాను కట్టేటప్పుడు రసీదులు, ఒప్పందాలు, నోట్లు ఒకే ఫైలులో పెట్టి, ఆ ఫైలును లారీలో వేయకుండా చేతిసంచిలో ఉంచుకుందాం.

ఆలోచించండి:
1. పై లెక్కలో రాము దావా వేయడానికి కొత్త గడువు ఏ రోజుతో ముగుస్తుంది?
2. సోము సొమ్ము కట్టినా ఎక్కడా రాసి సంతకం చేయకపోతే రాముకు కలిగే ఇబ్బంది ఏమిటి?