నిక్షేపాల వేట

తెలుగు దేశపు దానశాసనాల్లో గ్రామాన్ని గాని, భూమిని గాని దానం చేసేటప్పుడు దాన్ని అష్టభోగసహితంగా ఇస్తున్నట్లు చెప్పడం పరిపాటి. ఆ ఎనిమిది భోగాల్లో నిధి, నిక్షేపం అనే రెండు మాటలు పక్కపక్కనే వినిపిస్తాయి. చూడటానికి ఒకే అర్థం కలవిగా తోచినా వీటి మధ్య భేదం ఉంది. నిధి భూమిలో పాతిన సొత్తు. పాతినవాడు కాలగర్భంలో కలిసిపోగా, దొరికినవాడు దాన్ని అనుభవిస్తాడు. నిక్షేపం అటువంటిది కాదు. ఒకరు మరొకరి మీది నమ్మకంతో ఉంచిన సొత్తు అది. అందుకే ధర్మశాస్త్రాలు నిక్షేపాన్ని అపహరించడాన్ని దోషంగా పరిగణించాయి. కాలక్రమంలో ఈ మాట తెలుగువారి నోట మరింత మెత్తబడి, చెక్కుచెదరకుండా ఉన్న దేన్నయినా ‘నిక్షేపంగా ఉంది’ అనడం వాడుకలోకి వచ్చింది.

ఈ రెండు మాటల అంతరం తేటపడటానికి శాసనాలే కాక, ఇటీవల అమెరికాలో పుట్టిన ఒక వినోదక్రీడ కూడా ఉపకరిస్తుంది. దాని పేరు జియోకాషింగ్. ఒకరు ఒక చిన్న పెట్టెను ఆరుబయట ఎక్కడో దాచి, ఆ చోటు అక్షాంశ రేఖాంశాలను లోకానికి ప్రకటిస్తారు. ఆసక్తి గలవారు ఉపగ్రహ సంకేతాలను అందుకొనే పరికరాన్ని చేతబట్టుకొని అక్కడికి చేరుతారు. పెట్టెను వెతికి పట్టుకొంటారు. అందులోని చిన్న పుస్తకంలో తమ పేరు, తేదీ రాస్తారు. ఆ తరువాత పెట్టెను యథాస్థానంలో యథాతథంగా దాచి వెళ్లిపోతారు. ఆట మొత్తం ఈ చివరి పని మీదనే ఆధారపడి ఉంది. పెట్టెకు కాపలా లేదు. చాలా పెట్టెలకు తాళమూ లేదు. దాచినవాడు, వెతికినవాడు ఒకరినొకరు ఎన్నడూ చూడకపోవచ్చు.

జియో అంటే భూమి. కాష్ అనేది దాచడమన్న అర్థం గల ఫ్రెంచి ధాతువు నుండి వచ్చిన పదం. అడవుల్లో తిరిగే వేటగాళ్లు తిరుగు ప్రయాణానికి దాచిపెట్టుకొన్న ఆహార సామగ్రిని ఆ పేరుతో పిలిచేవారు. కంప్యూటరు విద్యార్థులకు ఇదే మాట మరొక అర్థంలో పరిచితం. దీన్ని ‘క్యాష్’ అని పలికితే రొక్కమన్న అర్థం స్ఫురించి, ఆటకు లేని దురాశను అంటగట్టినట్లవుతుంది. పెట్టెల్లో దొరికేవి సాధారణంగా ఒక గోళీ, ఒక తాళపుచెవి గొలుసు, ఒక బొమ్మ కారు వంటి అల్పవస్తువులే.

ఈ క్రీడ జన్మదినాన్ని వారంతో సహా చెప్పవచ్చు. అమెరికా రక్షణశాఖ నిర్మించిన జి.పి.ఎస్. వ్యవస్థలో మొదటి ఉపగ్రహం 1978లో కక్ష్యకు చేరింది. 1995 నాటికి వ్యవస్థ సంపూర్ణమయింది. అయితే సైనికేతరులకు అందే సంకేతాల్లో ఉద్దేశపూర్వకంగా కొంత దోషాన్ని కలిపి ప్రసారం చేసేవారు. దానివల్ల సామాన్యుని పరికరం చూపే చోటుకు, అసలు చోటుకు మధ్య 100 మీటర్ల దాకా తేడా ఉండేది. అంత తేడాతో ఓడకు రేవును చూపవచ్చు గాని, చెట్టు తొర్రలోని డబ్బాను చూపడం సాధ్యం కాదు. 2000వ సంవత్సరం మే 1న అధ్యక్షుడు బిల్ క్లింటన్ ఈ దోషకల్పనను నిలిపివేస్తున్నట్లు ప్రకటించాడు. ఆ రాత్రితోనే ప్రపంచంలోని పౌరుల పరికరాలన్నీ ఒక్కసారిగా చూపు కుదిరిన కళ్లలా అయ్యాయి.

ఆ చూపు ఎంత నిశితమో పరీక్షించాలని ఒరెగాన్ రాష్ట్రానికి చెందిన డేవ్ ఉల్మర్ అనే కంప్యూటరు నిపుణునికి తోచింది. మే 3, బుధవారం నాడు ఆయన బీవర్‌క్రీక్ అనే ఊరి సమీపాన చెట్ల నడుమ ఒక నల్లని ప్లాస్టిక్ బకెట్టును సగం వరకు భూమిలో పాతిపెట్టాడు. సుమారు 19 లీటర్లు పట్టే ఆ బకెట్టులో కొన్ని పుస్తకాలు, వీడియోలు, కంప్యూటరు సాఫ్ట్‌వేరు, కొంత డబ్బు, ఒక వడిసెల, ఒక చిక్కుడు గింజల డబ్బా ఉంచాడు. ఉత్తర అక్షాంశం 45 డిగ్రీల 17.460 నిమిషాలు, పశ్చిమ రేఖాంశం 122 డిగ్రీల 24.800 నిమిషాలు అని అంతర్జాలం ద్వారా ప్రకటించాడు. ఆయన విధించిన నియమం ఒక్కటే: కొంత తీసుకోండి, కొంత ఉంచండి. మూడు రోజులు గడిచేలోగా ఇద్దరు దాన్ని కనుగొన్నారు. వారిలో మైక్ టీగ్ అనే ఆయన పేరు నమోదు చేశాడు. మిగిలినవారు దాచిన పెట్టెల వివరాలను సేకరించి ఒకచోట చేర్చే పనికి పూనుకొన్నదీ ఆయనే. మే నెల ముగిసేలోగా మాట్ స్టమ్ అనే ఔత్సాహికుడు జియోకాషింగ్ అన్న పేరు సూచించాడు. సెప్టెంబరు 2న జెరెమీ ఐరిష్ ఈ క్రీడ కోసం ప్రత్యేకంగా ఒక వెబ్‌సైటును ప్రారంభించే నాటికి లెక్కకు వచ్చిన పెట్టెలు 75 మాత్రమే. నేడు అవి 30 లక్షలకు మించి ఉన్నాయి. అంటార్కిటికాలోనూ ఉన్నాయి. 2008లో రిచర్డ్ గారియట్ అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి వెళ్లినప్పుడు అక్కడి ఒక అరను కూడా ఈ లెక్కలో చేర్చాడు.

దాచి వెతికించే వేడుక మాత్రం కొత్తది కాదు. 1854లో ఇంగ్లండులోని డార్ట్‌మూర్ బీడుభూముల్లో జేమ్స్ పెరట్ అనే దారిచూపరి, క్రాన్‌మియర్ పూల్ అనే దుర్గమమైన చోట ఒక సీసా ఉంచాడు. అంతదూరం నడిచి వచ్చినవారు తమ పేరు చీటీని అందులో వేసి వెళ్లేవారు. అక్కడ దారి చూపింది కాళ్లకు అలవాటైన నేల. ఇక్కడ దారి చూపేది ఆకాశం.

ఆ ఆకాశపు లెక్కను కొంచెం వివరంగా తెలుసుకోవాలి. జి.పి.ఎస్. ఉపగ్రహాలు భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ, తమ స్థానాన్నీ తమ గడియారంలోని సమయాన్నీ నిరంతరం ప్రకటిస్తుంటాయి. సంకేతం బయలుదేరిన క్షణానికీ చేరిన క్షణానికీ గల వ్యత్యాసాన్ని బట్టి చేతిలోని పరికరం ఆ ఉపగ్రహం ఎంత దూరాన ఉందో గణిస్తుంది. మూడు ఉపగ్రహాల దూరాలు తెలిస్తే చోటు తెలియాలి. కాని పరికరంలోని చవక గడియారాన్ని నమ్మడానికి వీలులేదు. సెకనులో నూరుకోట్లవ వంతు తప్పినా దూరం సుమారు ఒక అడుగు తప్పుతుంది. ఆ తప్పును సరిదిద్దడానికి నాలుగో ఉపగ్రహం కావాలి. ఇదే పద్ధతిని అనుసరించే భారతీయ వ్యవస్థలో మొదటి ఉపగ్రహం 2013 జూలై 1న శ్రీహరికోట నుండి నింగికెగసింది.

అక్షాంశంలో ఒక నిమిషం నేల మీద దాదాపు 1,850 మీటర్లు. దానిలో వెయ్యో వంతు రెండు మీటర్ల కన్న తక్కువ. కనుక ఉల్మర్ ప్రకటించిన అంకెల్లో దశాంశ బిందువు తరువాతి మూడో అంకె మనిషి నిలుచున్న చోటును చెబుతుంది. అయితే అంకె ఎంత సూక్ష్మమైనా పరికరం అంత సూక్ష్మంగా చూడలేదు. చెట్ల గుబుర్లు సంకేతాన్ని బలహీనపరుస్తాయి, కొండరాళ్లు దాన్ని పక్కకు మళ్లిస్తాయి. చివరి నాలుగైదు మీటర్ల దగ్గర బాణం గుర్తు ఇటూ అటూ ఊగిసలాడుతుంది. అనుభవజ్ఞులు అక్కడ పరికరాన్ని జేబులో పెట్టేస్తారు. ఇక పని కళ్లది, బుద్ధిది. రాలిన పుల్లలు ఎటుబడితే అటు పడి ఉంటాయి. ఒకే వైపుకు వరుసగా పేర్చినట్లున్న పుల్లల కింద ఏదో ఉండి తీరుతుంది. చుట్టూ ఉన్న రాళ్లకు నాచు పట్టి ఉండగా ఒక్క రాయి మాత్రం పొడిగా కనిపిస్తే దాన్ని ఎవరో కదిపారన్నమాట. పాదముద్రలు చూసి మృగం జాడ చెప్పే వేటకాని విద్యకూ దీనికీ దగ్గరి చుట్టరికముంది.

వెతికేవారు మరొక జాగ్రత్త కూడా పాటించాలి. ఈ ఆట సంగతి తెలియని దారినపోయేవారిని వీరు హ్యారీ పాటర్ నవలల నుండి అరువు తెచ్చుకొన్న ‘మగుల్’ అనే పేరుతో వ్యవహరిస్తారు. వారి కంటబడితే పెట్టె గుట్టు బయటపడి, మరుసటి రోజుకు అది అక్కడ ఉండకపోవచ్చు. కనుక ఎవరైనా వస్తున్నప్పుడు బూటు తాడు కట్టుకొంటున్నట్లో, పిట్టలను చూస్తున్నట్లో నటించడం ఆటలో భాగం.

సామగ్రి విషయానికి వస్తే, తొలి సంవత్సరాల్లో గార్మిన్, మాగెల్లాన్ వంటి సంస్థలు తయారుచేసిన చేతి పరికరాలే శరణ్యం. తరువాత ఆ పని చాలావరకు చేతిఫోన్లకు సంక్రమించింది. బ్యాటరీలు, టార్చి, మంచినీళ్లు, చేతితొడుగులు అందరికీ తట్టేవే. అందరూ మరచిపోయేది కలం. పెట్టె దొరికి, పుస్తకం చేతికి వచ్చి, పేరు రాయడానికి కలం లేక తెల్లమొహం వేసినవారు ఈ క్రీడలో కోకొల్లలు. పుస్తకంలో పేరు లేనిదే పెట్టె దొరికినట్లు లెక్క కాదు. వేలి కొన అంత డబ్బాల్లో చుట్టిపెట్టిన కాగితాన్ని బయటికి లాగడానికి చిన్న పట్టకారు అవసరమవుతుంది. పెట్టెల్లో శ్రేష్ఠమైనది సైన్యం వాడి వదిలేసిన తూటాల పెట్టె. ఇనుముతో చేసినది కావడం, మూతకు రబ్బరు అంచు ఉండటం వల్ల అది వానకు, మంచుకు చలించదు. దాని మీది సైనిక ముద్రలు కనబడకుండా రంగు పూయడం మాత్రం తప్పనిసరి. ఫోటో ఫిలిం చుట్ట వచ్చే ప్లాస్టిక్ డబ్బాలూ ఎంతోకాలం విరివిగా ఉపయోగపడ్డాయి.

ప్రతి పెట్టెకూ రెండు కొలతలుంటాయి. వెతకడం ఎంత కష్టమో ఒకటి, చేరడం ఎంత కష్టమో ఒకటి. రెండూ ఒకటి నుండి అయిదు వరకు. చేరే కష్టం ఒకటి అంటే చక్రాల కుర్చీలో వచ్చినవారికీ అందుతుందని భావం. అయిదు అంటే తాడో, పడవో కావాలి. కొన్ని పెట్టెల్లో ఒక అంకె చెక్కిన లోహపు బిళ్ల దొరుకుతుంది. అది ప్రయాణికుడు. దొరికినవారు దాన్ని తీసుకొని, ఉంచేసుకోకుండా, మరొక ఊళ్లోని పెట్టెకు చేర్చాలి. యజమాని ఇంట్లో కూర్చుని తన బిళ్ల దేశదేశాలు తిరగడాన్ని గమనిస్తుంటాడు.

నియమాలు మొదట్లో ఒక్కటే అని పైన చెప్పుకొన్నాం. ఇప్పుడు అవి చాలా ఉన్నాయి. స్థల యజమాని అనుమతి లేనిదే పెట్టె ఉంచరాదు. ఒక పెట్టెకూ మరొక పెట్టెకూ మధ్య కనీసం 161 మీటర్లు, అంటే మైలులో పదో వంతు, దూరముండాలి. ఆహారపదార్థాలు, మద్యం, ఆయుధాలు ఉంచరాదు. తీసుకొన్న వస్తువుకు సమానమైనదో, అంతకు మించినదో ఉంచాలి. పెట్టె కోసం నేల తవ్వరాదు. గుప్తనిధుల భ్రమలో పాత గుడుల గర్భాలయాలను, కోటగోడలను పెకలించే దురాశ తెలుగునాట కూడా ఉన్నదే. ఆ గడ్డపార ఈ ఆటలో అడుగుపెట్టకుండా చేసిన నియమం ఇది. ప్రకటనకు ముందు ప్రతి పెట్టె వివరాలనూ జీతం లేని స్వచ్ఛంద పరీక్షకులు పరిశీలిస్తారు. వెతికి విఫలమైనవారు ‘దొరకలేదు’ అని నిజాయితీగా రాయాలన్నది మర్యాద. అలాంటి మాటలు నాలుగు కనబడితే, పెట్టె పోయిందేమోనని దాచినవాడు వెళ్లి చూసుకొంటాడు. అపజయాన్ని దాచుకోకుండా చెప్పడం ఇతరులకు ఉపకారమయ్యే ఆటలు అరుదు.

ఈ నియమాలను ఎవరో తీరికగా కూర్చుని కల్పించలేదు. వీటిలో పెక్కింటి వెనుక ఏదో ఒక అనుభవం ఉంది. 2011లో ఇంగ్లండులోని వెదర్‌బీ పట్టణంలో ఒక ఫలహారశాల ఎదుట ఒక వ్యక్తి వంగి ఏదో దాచడం చూసినవారు భయపడి పోలీసులకు తెలిపారు. వీధులు ఖాళీ చేయించారు. సైన్యపు బాంబు నిర్వీర్య దళం వచ్చి ఆ చిన్న డబ్బాను పేల్చివేసింది. తెలిసినవారికి అది నిక్షేపం, తెలియనివారికి మృత్యువు. పెట్టె మీద ఇది ఫలానా ఆట తాలూకుదని స్పష్టంగా రాయాలనే పట్టుదల అటువంటి ఘటనల ఫలితమే. 2018 జూన్‌లో ప్రాగ్ నగరంలో జరిగినది మరింత విషాదకరం. భూగర్భంలోని నీటి సొరంగంలో దాచిన పెట్టె కోసం నలుగురు లోపలికి వెళ్లారు. పైన కుండపోతగా వాన కురిసి, సొరంగంలోకి వరద ముంచుకొచ్చింది. ఇద్దరు మరణించారు. ఇద్దరిని నది నుండి రక్షించగలిగారు. పరికరం చోటును చెబుతుంది గాని, ఆ చోటికి ఆ వేళ వెళ్లవచ్చునా అన్నది చెప్పదు. ఆ నిర్ణయం ఎప్పుడూ మనిషిదే. ఎదుట ఉన్నది ఒక గోళీ, ఒక బొమ్మ కారు అని గుర్తుంచుకొంటే వెనుదిరగడం అంత కష్టం కాదు.

నేటి నియమాలతో చూస్తే ఉల్మర్ దాచిన బకెట్టు పరీక్షకుల ముందు నిలవదు. దాన్ని నేలలో పాతారు. అందులో తిండి డబ్బా ఉంది. అయినా ఆ తప్పులున్న బకెట్టే లేకపోతే ఈ నియమాలకు అవసరమే కలిగేది కాదు. దాని ఆయుర్దాయం కూడా స్వల్పమే. గడ్డి కోసే యంత్రం కింద పడి బకెట్టు, దానిలోని వస్తువుల్లో అధికభాగం నాశనమయ్యాయి. మిగిలినది చిక్కుడు గింజల డబ్బా ఒక్కటే. ఉండకూడని ఆ వస్తువే దక్కడం విచిత్రం. దానికి ఒక అంకె కేటాయించి, ప్రయాణికుల జాబితాలో చేర్చారు. బీవర్‌క్రీక్ దగ్గర ఆ చోట ఇప్పుడొక స్మారక ఫలకం ఉంది. దానితోపాటు కొత్త పెట్టె కూడా ఉంది. దేశదేశాల నుండి వచ్చినవారు దాన్ని తెరిచి, పుస్తకంలో పేరు రాసి, మూత బిగించి, ఎక్కడిది అక్కడే ఉంచి వెళ్తున్నారు.