తొలి తోడు

హనుమకొండ

చి.ల.సౌ. సౌజన్యకు పెద్దమ్మ దీవించి రాయునది.

నిన్న ఫోన్లో “తల్లిపాలల్లో కూడా బాక్టీరియా ఉంటుందట, డబ్బా పాలే మంచివా పెద్దమ్మా?” అన్నావు. నీ గొంతులో భయం విన్నాక నాకు నిద్ర పట్టలేదు.

ఉంటుంది బిడ్డా. ఉండాలి కూడా. మేం నర్సింగు చదివే రోజుల్లో ఆరోగ్యంగా ఉన్న తల్లి పాలలో ఏ సూక్ష్మజీవీ ఉండదనే చెప్పేవారు. 2003లో స్పెయిన్, ఫిన్లాండ్ శాస్త్రవేత్తలు ఆ పాలలో లాక్టిక్ ఆమ్ల బాక్టీరియాను చూశారు. మన పెరుగును తోడుపెట్టే కుటుంబమే అది. రోజుకు 800 మిల్లీలీటర్లు తాగే పసిబిడ్డకు లక్ష నుంచి కోటి దాకా బాక్టీరియాలు అందుతాయని అంచనా.

రాత్రి మీ అమ్మ పాలలో చెంచాడు తోడు వేస్తుంది కదా. మంచి తోడు ముందుగా పడితే చెడ్డవాటికి చోటు దొరకదు. బిడ్డ పేగుల్లోనూ అంతే. 2017లో అమెరికాలో 107 తల్లీబిడ్డల జంటలను పరీక్షించారు. ఎక్కువగా తల్లిపాల మీదే ఉన్న బిడ్డల్లో, మొదటి నెలలో పేగు బాక్టీరియాలో దాదాపు 28 శాతం పాల నుంచి, 10 శాతం రొమ్ము చర్మం నుంచి వచ్చిందే. పాలలో బిడ్డకు అరగని చక్కెరలు కూడా నూటికి పైగా రకాలున్నాయి. అవి బిఫిడో బాక్టీరియాకు మేత. వాటిని తిని అది ఆమ్లం తయారుచేసి, విరేచనాలు తెప్పించే క్రిములను ఎదగనివ్వదు.

సీకేఎం ఆసుపత్రిలో నీ కాన్పుకు ఆపరేషన్ కావలసి రావచ్చన్నారు. భయపడకు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన తెలంగాణలో నూటికి 60కి పైగా కాన్పులు సిజేరియన్లే. కాన్పు దారిలో అందాల్సిన అమ్మ సూక్ష్మజీవులు అప్పుడు సరిగా అందవు. అందుకే నీ పాలు ఇంకా అవసరం. ఆపరేషన్ కాగానే బిడ్డను రొమ్ముకు పట్టించమని అడుగు. అదే సర్వేలో, పుట్టిన గంటలోపు పాలందిన పిల్లలు మన రాష్ట్రంలో నూటికి 37 మందే.

ముర్రుపాలు ఒక్క చుక్క పారబోయకు. తేనె, చక్కెరనీళ్లు నాకించనివ్వకు. ఓరుగల్లు ఎండలకు గొంతెండుతుందని నీళ్లు పట్టమంటారు. ఆరు నెలలదాకా వద్దు, పాలలో ఉన్న నీళ్లే చాలు. పాలిచ్చిన ప్రతిసారీ రొమ్మును సబ్బుతో రుద్దకు, రోజూ చేసే స్నానం చాలు. రొమ్ము గట్టిపడి ఎర్రబడి జ్వరమొస్తే పాలు మాన్పించకుండా డాక్టరు దగ్గరికి వెళ్లు. మెడికల్ షాపులో సొంతంగా మందులు కొనకు.

నా పెద్దోడు పుట్టినప్పుడు ఇంట్లో పెద్దలు నా ముర్రుపాలు పిండించి నేలపాలు చేశారు. మూడు రోజులు వాడికి చక్కెరనీళ్లే. నర్సునై ఉండి కూడా నోరు విప్పలేకపోయాను. ఆ బాధ ఇప్పటికీ పోలేదు.

నీ కాన్పు రోజు వార్డు గుమ్మం దగ్గర నేనుంటాను. ఎవరు తేనె గిన్నె తెచ్చినా ఈసారి నేనే ఆపుతాను.

నీ పెద్దమ్మ